కుక్కపిల్లకు పేరు పెట్టే ముందు గుమ్మంలో నిలబడి ఒకసారి పిలిచి చూడండి

పది పన్నెండేళ్ల పాటు రోజూ లెక్కలేనన్నిసార్లు మీ నోట పలికే ఒక మాటను ఎంచుకోబోతున్నారు. దాన్ని నిద్రమత్తులో పలుకుతారు, కోపంలో పలుకుతారు, వానలో గేటు దగ్గర నిలబడి గొంతు చించుకుని పలుకుతారు, పశువైద్యుడి గదిలో గుసగుసగా పలుకుతారు. అంత చాకిరీ చేసే మాటను ఐదు నిమిషాల్లో తేల్చేయకండి. పైగా ఆ పేరు కుక్క గురించి చెప్పేది కొంచెమే. పెట్టినవారి గురించి మాత్రం వీధి వీధంతటికీ చెబుతుంది. ఆ సంగతి ముందే తెలుసుకుని పెట్టుకుంటే మీకూ దానికీ ఇద్దరికీ నప్పుతుంది.

మొదటి మూడు రోజులూ పేరు లేకుండానే ఉండనివ్వండి

ఇంటికి తెచ్చిన పిల్ల మొదటి రోజు తన అసలు స్వభావం చూపించదు. తల్లినీ తోబుట్టువులనూ విడిచి వచ్చిన బెంగతో మంచం కింద దూరి కూర్చుంటుంది. అది చూసి "శాంతి" అని పేరు పెట్టారనుకోండి, వారం తిరిగేసరికి ఇంట్లో చెప్పులన్నీ జత తప్పి ఉంటాయి, పేరు తప్ప మరెక్కడా శాంతి కనిపించదు.

కాబట్టి గమనించండి. ఎలా నడుస్తోంది, చప్పుడు వింటే ముందుకు వస్తోందా వెనక్కి పోతోందా, ఒంటి మీద ఏ గుర్తు ఉంది. ఇంట్లో అందరూ తమకు తోచిన పేర్లను ఒకే కాగితం మీద రాసి పెట్టండి. పిల్ల ముందు మాత్రం ఏదీ పిలవకండి. పూటకో పేరు వింటే దానికి ఏదీ తనది అనిపించదు.

మా ఇంట్లో అయిదుగురం అయిదు పేర్లు పట్టుకుని కూర్చున్నాం. ఎవరూ మెట్టు దిగలేదు. మూడో రోజు సాయంత్రం అది నీళ్ల గిన్నెలో మూతి మొత్తం ముంచి, ఊపిరాడక తల ఎత్తింది. తడిసి నిగనిగలాడుతున్న నల్లటి నుదుటి మీద, రెండు కళ్ల నడుమ, గోరంత తెల్లటి మచ్చ. మూడు రోజులుగా ఎవరికీ కనబడనే లేదు. "చుక్క పొడిచినట్టు ఉంది" అంది మా అమ్మ. కాగితం మీది అయిదు పేర్లూ ఆ క్షణమే కొట్టివేశాం. అది చుక్క అయింది.

ఒంటి రంగును బట్టి, మచ్చను బట్టి పేరు పెట్టడం చిన్నతనం అనుకునేవారు ఉన్నారు. యముడి రెండు కుక్కల పేర్లు గుర్తు చేసుకోండి: శ్యామ, శబల. శ్యామ అంటే నల్లనిది, శబల అంటే మచ్చలది. నాలుగేసి కళ్లతో పరలోకపు దారిని కాచే కుక్కలకు సైతం వీధిలో పిల్లలు పెట్టే పేర్లే సరిపోయాయి. ఇంద్రుడి కుక్క సరమ పేరయితే మరీ గొప్పది. దాని సంతానమంతా సారమేయాలయింది. ఒక్క కుక్క పేరు జాతి మొత్తానికి పేరయి, మన నిఘంటువులో స్థిరపడిపోయింది.

మీ మనసులో ఉన్న పేరు మీ గురించి ఏం చెబుతోందో చూసుకోండి

కాగితం మీది పేర్లను ఇప్పుడు చదవండి. అందులో మీరు కనబడతారు.

షేరు, టైగర్, సుల్తాన్, సీజర్, భీముడు అని రాశారా? ఇవి కోరికల పేర్లు. కుక్క ధైర్యంగా ఉండాలన్న కోరిక, దాని వెనుక తనకూ కాస్త ధైర్యం కావాలన్న కోరిక. ఇలాంటి పేర్లు పెట్టినవారిలో నేను చూసినవాళ్లు చాలామంది వెన్నలాంటి మనుషులు. ఒకసారి పశువుల ఆసుపత్రిలో మా వంతు కోసం కూర్చున్నాం. "టైగర్ ఎవరండీ?" అని పిలుపు వచ్చింది. గదిలో అందరం తలలు తిప్పి చూశాం. మూలన కూర్చున్న పెద్దాయన ఒళ్లోని తువ్వాలు మడత విప్పాడు. రెండు అరచేతుల్లో పట్టేంత తెల్లటి కుక్క, సూది మందు వాసనకు గజగజ వణుకుతోంది. "భయం లేదు నాన్నా, నేనున్నానుగా టైగర్" అంటూ గుండెకు హత్తుకుని లోపలికి నడిచాడు. ఆ పేరు ఆ కుక్కకు నప్పలేదని నేను అనను. ఆయన పిలిచిన ప్రతిసారీ దానికి ధైర్యం చెబుతున్నాడు.

ఈ అలవాటు చాలా పాతది. గ్రీకు రచయిత జెనోఫోన్ సుమారు 2,400 ఏళ్ల కిందట వేట గురించి రాస్తూ కుక్కలకు పనికివచ్చే 47 పేర్ల పట్టిక ఇచ్చాడు. వాటి అర్థాలు చూస్తే ఆత్మ, ఆనందం, బలం, కిరణం, కావలి వంటివి. అహంకారం అని కూడా ఒకటి ఉంది. ఏ కుక్కను చూసి ఆ పేరు తట్టిందో కాని, సోఫా మధ్యలో పడుకుని యజమానిని అంచుకు నెట్టే కుక్కలన్నిటికీ అది సరిపోతుంది.

ప్లేటో, న్యూటన్, ఐన్‌స్టీన్ అని రాసినవారు మాటలు కలపడానికి ఇష్టపడేవారు. ఎవరైనా "ఆ పేరెందుకు పెట్టారు?" అని అడగాలి, వారు చెప్పాలి. మంచిదే. కుక్క వల్ల పరిచయాలు పెరుగుతాయి, పేరు వల్ల ఇంకా పెరుగుతాయి. కాకపోతే న్యూటన్ తన తోకను తానే తరుముతూ గిరగిరా తిరుగుతున్నప్పుడు పక్కనున్నవారు నవ్వుతారు. మీరూ కలిసి నవ్వగలిగితే పెట్టేయండి.

కుకీ, టాఫీ, బిస్కెట్ అనేవి బుగ్గలు గిల్లే చేతులు పెట్టే పేర్లు. ప్రేమకు లోటుండదు. ఒక్క జాగ్రత్త: బిస్కెట్ అన్న పేరున్న కుక్కకు బిస్కెట్ పెట్టే ఇంట్లో ఆ మాట విన్నప్పుడల్లా అది పరుగెత్తుకు వస్తుంది, ఉత్తచేతులు చూపిస్తే నొచ్చుకుంటుంది. తినబోయే వస్తువుకూ తనకూ ఒకే పేరు ఉండటం దానికి పెద్ద చిక్కు.

చిట్టి, బుజ్జి, చిన్ని అని రాసినవారు ఈ రోజును చూస్తున్నారు, ఏడాది తరువాతి రోజును చూడటం లేదు. పెద్ద జాతి పిల్ల ఏడాదికి నలభై కిలోలు దాటవచ్చు. నలభై కిలోల చిట్టి మీ ఒళ్లో కూర్చోవడం తన హక్కు అనుకుంటుంది. నాకు మాత్రం ఈ పేర్లంటే ఇష్టం. అంత పెద్ద శరీరంలోనూ మొదటి రోజు తెచ్చిన పిల్లనే చూసేవారు ఈ పేర్లు మార్చరు.

ఏ పేరూ తోచక తేలికగా ముగించినవారూ ఉన్నారు. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ తన రెండు బీగిల్ కుక్కలకు "అతడు", "ఆమె" అని అర్థం వచ్చే హిమ్, హర్ అనే పేర్లు పెట్టాడు. అదే దేశపు మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ వేటకుక్కల్లో తాగుబోతు అని అర్థం వచ్చే పేరున్నది ఉండేది, తియ్యటి పెదవులు అనే అర్థమున్నదీ ఉండేది. దేశాధ్యక్షులు గంభీరమైన పేర్లే పెడతారనుకుంటాం. ఇంటి కుక్క దగ్గరకు వచ్చేసరికి వారిలో దాగిన మరో మనిషి బయటపడ్డాడు.

పోయిన కుక్క పేరునే కొత్తదానికి పెట్టాలనుకుంటున్నవారితో ఒక్క మాట. ఆ బాధ నాకు తెలుసు. అయినా వద్దు. కొత్త పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా పాతది చేసినట్టు చేయదు. మీరు ఆ పేరుతో పిలిచిన ప్రతిసారీ మీ కళ్లు పాతదాని కోసం వెతుకుతాయి. దాని పేరు దానికే ఉంచండి, దీనికి కొత్తది ఇవ్వండి.

ఎంతకూ తేలకపోతే ఒక అక్షరానికి కట్టుబడి చూడండి. ఫ్రాన్స్‌లో వంశావళి నమోదైన కుక్కలకు ఏ ఏడాది పుడితే ఆ ఏడాది అక్షరంతో పేరు మొదలవ్వాలి. 2025కు A వచ్చింది, 2026కు B. పేరు చూసి వయసు చెప్పేయవచ్చు. వెతుకులాట చిన్నదైతే పేరు త్వరగా దొరుకుతుంది.

ఇప్పుడు చెవితో వినండి

అర్థం మీకు, శబ్దం కుక్కకు. ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, దీన్నే ఎక్కువమంది దాటేస్తారు.

పొట్టి పేరు పెట్టండి. పిలవడానికి వీలుగా కుక్కల పేర్లు చిన్నవిగా ఉండాలని జెనోఫోన్ కూడా చెప్పాడు. రెండు అక్షరాలు చాలు, మూడు దాటకూడదు. కాగితాల మీద ఎంత పొడుగైనా ఉండనివ్వండి. మరో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కుక్క పూర్తి పేరు "ముర్రే ద అవుట్‌లా ఆఫ్ ఫాలాహిల్", అంటే ఫాలాహిల్ బందిపోటు ముర్రే. ఇంట్లో పిలిచింది ఫాలా అనే.

పేరు అచ్చుతో ముగియాలి. తెలుగు అజంత భాష. ఎవరినైనా దూరం నుంచి పిలిస్తే చివరి అచ్చును సాగదీస్తాం. రాజా, టామీ, చుక్కా అని ఎంతసేపైనా సాగుతుంది. మాక్స్, బ్రూస్ వంటి పేర్లు పెట్టి చూడండి, పదిహేను రోజుల్లో ఇంట్లో అందరూ మాక్సూ, బ్రూసూ అని పిలుస్తుంటారు. గొంతు తన దారి తాను వెతుక్కుంటుంది. ఎలాగూ చివరికి అక్కడికే చేరేటప్పుడు మొదటి నుంచే అచ్చుతో ముగిసే పేరు పెట్టడం మేలు. క, ట, చ వంటి గట్టి హల్లు ఒకటి ఉంటే ఇంకా మంచిది, చప్పుళ్ల మధ్య తెగి వినబడుతుంది.

తరువాత ఆజ్ఞలతో పోల్చండి. మీరు రోజూ వాడబోయే మాటలు రాసుకోండి: రా, ఆగు, కూర్చో, వద్దు, వదులు. ఒక్కొక్కదాని పక్కన పేరు పెట్టి బిగ్గరగా చదవండి. ముద్దు అని పేరు పెట్టిన ఇంటికి ఒకసారి వెళ్లాను. కుక్క చెప్పు నోట కరుచుకుంది. "ముద్దూ, వద్దు! వద్దు ముద్దూ! ముద్దూ!" అని ఇంటావిడ అరుస్తున్నకొద్దీ అది తోక మరింత ఊపింది. పేరుకూ నిషేధానికీ మధ్య ఒక్క అక్షరం తేడా. ఆవిడ కోపమంతా దానికి ముద్దుగా వినిపించింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. తెలిసిన ఆజ్ఞను, దానికి ఒక్క శబ్దం మాత్రమే తేడా ఉన్న అర్థం లేని మాటను వినిపించి కుక్కల మెదడు స్పందనను కొలిచిన హంగేరీ పరిశోధకులు, రెండింటికీ ఒకే తీరు స్పందన కనిపించిందని 2020లో ప్రకటించారు. పూర్తిగా వేరుగా ఉన్న మాటలను మాత్రం అవి చక్కగా విడదీసి గుర్తించాయి. అంటే కుక్కకు చెవులు చురుకే. చిన్న తేడాలను పట్టించుకోవడం మాత్రం మనుషుల అలవాటు.

చుక్క విషయంలో మేం దీన్ని ఆలస్యంగా తెలుసుకున్నాం. వీధిలో ఎవరు "కుక్క" అన్నా చుక్క తల తిప్పి, తనను పిలిచారనుకుని వారి దగ్గరకు వెళ్లి కూర్చునేది. "అమ్మో, కుక్క!" అని భయపడి అరిచినవారి ఎదుట ఇంకా ఉత్సాహంగా కూర్చునేది. మనిషి ఎంత గట్టిగా అరిస్తే అంత ప్రేమగా పిలుస్తున్నట్టు దానికి. ఆ తరువాత నడకకు తీసుకెళ్లినప్పుడు తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకునేవాళ్లం. మీరు కనీసం కుక్క అన్న మాటతో ప్రాస కుదరని పేరు చూసుకోండి.

ఇంట్లోవారి పేర్లతో కూడా పోల్చండి. అబ్బాయి బన్నీ, కుక్క సన్నీ అయితే చదువుకోవడానికి పిలిచినా ఇద్దరూ వస్తారు, స్నానానికి పిలిచినా ఇద్దరూ పారిపోతారు.

గుమ్మం పరీక్ష

మిగిలిన రెండు మూడు పేర్లతో గుమ్మంలో నిలబడండి. నిజంగా, గట్టిగా, పదిసార్లు పిలవండి. గొంతు సహకరిస్తోందా? వింటున్నవారు ఏమనుకుంటారో చూడండి. చెప్పులు ఎత్తుకుపోయే పిల్లకు ముచ్చటపడి దొంగ అని పేరు పెడితే, చీకటి పడ్డాక అది గేటు దాటిన రోజున మీరు "దొంగా! దొంగా!" అని పరుగెత్తాలి. ఇరుగుపొరుగు కర్రలతో బయటికి వస్తారు. వారి తప్పేమీ లేదు.

తరువాత ఈ వాక్యాల్లో పేరు ఇరికించి చదవండి: "మా ఫలానాకు జ్వరం వచ్చింది డాక్టరుగారూ." "ఫలానా పరుపు చించేసింది." "ఫలానా కనబడటం లేదు, మీరెవరైనా చూశారా?" మూడో వాక్యం చదివేటప్పుడు నోరు తడబడకూడదు. వీధి వీధి తిరిగి పరిచయం లేనివారిని అడగాల్సిన రోజున సిగ్గుపడే పేరు అడ్డం పడుతుంది.

మనుషుల పేర్లు పెట్టడం నాకు ఇష్టమే, కాని పక్కింటివారి పేరు, పైఅధికారి పేరు, చుట్టాల పేర్లు వద్దు. "ప్రసాదూ, గోడ మీద కాదు!" అని మీరు అరిచినప్పుడు గోడ అవతల ఒక ప్రసాద్‌గారు ఉలిక్కిపడకూడదు. ఎవరి మీదో కసితో వారి పేరు కుక్కకు పెట్టడం ఇంకా తప్పు. మిమ్మల్ని చూడగానే ఒళ్లంతా ఊపుకుంటూ వచ్చే ప్రాణిని మీకు పడనివారి పేరుతో పిలుస్తారా? ఒక కులాన్నో మతాన్నో ఒకరి శరీరాన్నో ఎగతాళి చేసే పేరయితే కాగితం మీద కూడా రాయవద్దు.

పేరు నేర్పడం

పేరు తేలిన రోజునే మొదలుపెట్టండి. చప్పుడు లేని గదిలో దాని ఎదుట కూర్చుని, హుషారైన గొంతుతో పేరు ఒక్కసారి పలకండి. మీ వైపు చూసిన మరుక్షణం చిన్న తినుబండారం ముక్క నోటికి అందించండి. మళ్లీ చూపు మళ్లేదాకా ఆగండి, మళ్లీ ఒక్కసారే పలకండి. పదిసార్లు చాలు. రోజులో మూడు నాలుగు మాట్లు ఇలా చేస్తే కొద్ది రోజుల్లోనే అది చటుక్కున తల తిప్పుతుంది. తరువాత అదే పని వరండాలో, ఆపైన వీధిలో చేయండి.

చూడకపోతే అయిదారుసార్లు పిలవకండి. "చుక్కా చుక్కా చుక్కా" అంటూ పోతే తన పేరు మూడుసార్లు కలిసిన మాట అనుకుంటుంది, మొదటిసారికి పలకదు. దగ్గరకు వెళ్లి, చిన్న చప్పుడు చేసి, చూసినప్పుడు మెచ్చుకోండి.

ఇక అందరూ తప్పకుండా పాటించాల్సింది: పేరుతో తిట్టవద్దు. తప్పు చేసినప్పుడు "వద్దు" అనండి, పేరు పలకవద్దు. స్నానానికీ మందుకూ గోళ్లు కత్తిరించడానికీ పేరు పెట్టి పిలవకండి, మీరే దాని దగ్గరకు వెళ్లండి. పేరు వినగానే దానికి మంచే జరగాలి. అప్పుడే రోడ్డు మీద లారీ వస్తున్నప్పుడు మీరు పిలిచిన ఒక్క పిలుపుకు వెనుదిరిగి వస్తుంది. దాని ప్రాణం ఆ రెండక్షరాల మీద ఆధారపడే రోజు ఒకటి రావచ్చు.

ముద్దుపేర్లు ఎలాగూ పుట్టుకొస్తాయి. చుక్కమ్మ, చుక్కాయి, నల్లపిల్ల, చుక్కల రాణి, అన్నీ మా ఇంట్లో వాడుకలోనివే. మొదటి నెల మాత్రం ఆపుకోండి. ఆ తరువాత ఎన్ని వాడినా పరవాలేదు. ఒక కుక్క ఎన్ని మాటలు నేర్చుకోగలదో చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క చూపించింది. 1,022 వస్తువుల పేర్లు నేర్చుకుంది. మీ అయిదారు ముద్దుపేర్లు దానికి బరువు కావు.

ఎదిగిన కుక్కను తెచ్చుకుంటే

దానికి ముందే పేరుండవచ్చు. ఆ పేరు పిలిచినప్పుడు తోక ఊపితే అలాగే ఉంచండి, మీకు నచ్చకపోయినా సరే. తోక ముడుచుకుని ఒదిగిపోతే ఆ పేరుతో దాన్ని ఎవరో కొట్టి ఉండవచ్చు, నిస్సంకోచంగా మార్చండి. మార్చాలనుకుంటే కొత్త పేరు ముందు, పాత పేరు వెనుక కలిపి రెండు వారాలు పిలిచి, నెమ్మదిగా పాతది వదిలేయండి. లేదా శబ్దం దగ్గరగా ఉన్నది చూడండి, రాకీని లక్కీ చేయడం తేలిక. అంతరిక్షానికి వెళ్లిన లైకాకు కూడా మొదట వేరే పేరుండేది. ఉంగరాల జుట్టుది అని అర్థం వచ్చే కుద్ర్యావ్‌కా అది. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2 ఉపగ్రహంలో ప్రయాణమయ్యేనాటికి మొరిగేది అనే అర్థమున్న లైకా అయింది. ప్రపంచానికి ఆ పేరే గుర్తుండిపోయింది.

ఒక సైగ కూడా జత చేయండి

చివరి పని, చాలామంది మరిచిపోయేది. పేరు నేర్పేటప్పుడే దానితో పాటు ఒక చేతి సైగను అలవాటు చేయండి. పేరు పలుకుతూ అరచేత్తో తొడ మీద రెండుసార్లు తట్టండి, లేదా చేయి చాచి మీ వైపు ఊపండి. ప్రతిసారీ అదే సైగ, ఇంట్లో అందరిదీ అదే. ముసలితనంలో చాలా కుక్కలకు చెవులు మందగిస్తాయి. అప్పుడు పేరు వినిపించదు, సైగ కనిపిస్తుంది.

చుక్కకు ఇప్పుడు పదమూడేళ్లు. నుదుటి మచ్చ చుట్టూ వెంట్రుకలన్నీ నెరిసి, మచ్చ ఏదో నెరుపు ఏదో తెలియడం లేదు. గేటు చప్పుడు వినబడదు, వీధిలో ఎవరైనా కుక్క అన్నా తల తిప్పదు. సాయంత్రం దీపం వేసే వేళకు దాని ఎదుటికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని తొడ మీద రెండుసార్లు తడతాను. కళ్లెత్తి చూస్తుంది, ముందుకాళ్లు సర్దుకుని మెల్లగా లేస్తుంది. తట్టేటప్పుడు "చుక్కా" అని పైకే అంటాను.